మూడో వారం ఆకు

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద, మూతబడిన సినిమాహాలుకు ఎదురుగా, మా సారు చనిపోయినట్టు ఫ్లెక్సీ కట్టారు. ఈ చివర ఆయన ఫోటో, ఆ చివర ఆయన ఫోటో, మధ్యలో దీపం. ఇద్దరు సార్లు ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఒక సారుకు పెన్ను గుండె మీదున్న జేబులో ఉంది, ఇంకో సారుకు అది కుడిపక్కకు మారింది. పాపిడి కూడా అటుది ఇటు పోయింది. ఉన్నది ఒకే ఫోటో. దాన్నే ఒకచోట నేరుగా, ఒకచోట అద్దంలో చూసినట్టు తిప్పి వేశారు.

నేను దాని కింద నిలబడి పగలబడి నవ్వాను. చావు ఫ్లెక్సీ కింద డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలివాడు నవ్వుతుంటే ఆటోలు ఆగిపోయాయి, కానిస్టేబులు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఈ ఆటోలూ కానిస్టేబులూ నేను చేర్చినవి. ఎవరూ ఆగలేదు. ఒక బర్రె మాత్రం తలెత్తి చూసింది.

నవ్వెందుకంటే, మా సారు జన్మలో ఒకే ఒక పరిశోధనా వ్యాసం అచ్చువేయించాడు. అందులో ఒకే బొమ్మ రెండుచోట్ల పడిందని తేలి, దాన్ని తన చేత్తోనే వెనక్కి తీసుకున్నాడు. అట్లాంటి మనిషికి ఒకే బొమ్మను రెండుచోట్ల వేసి శ్రద్ధాంజలి ఘటించారు. ఫ్లెక్సీ అంగడికి పోయి అడిగితే, ఆ అంగడతను నన్ను ఓదార్చాడు. "ఒకపక్కే ఉంటే బోసిగా ఉంటాది తాతా. పెద్దోళ్ళందరికీ రెండుపక్కలా ఏస్తాం." అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ ఫోటో తీసింది నేను. వ్యాసంలో బొమ్మలు తీసిందీ నేనే. ఇంకా చాలా చేసింది నేనే. ఒక్కొక్కటే చెప్తాను.

సారు డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పేవాడు. ఇల్లు జమ్మలమడుగు, ఉద్యోగం ప్రొద్దుటూరు. నా ఫోటో స్టూడియో బస్టాండు ఎదురుసందులో ఉండేది కాబట్టి బస్సుకూ బస్సుకూ మధ్య వచ్చి నా బల్ల మీద కూర్చునేవాడు. సన్నటి మనిషి. జేబులో పెన్ను పక్కన ఆరంగుళాల ప్లాస్టిక్ స్కేలు. కంటికి కనపడినదాన్ని కొలవాలి, కొలవలేకపోతే లెక్కపెట్టాలి. హోటల్లో కారం దోశె వస్తే తినేముందు దాన్ని తిరగేసి, మాడిన మచ్చలు లెక్కపెట్టి, వంటమనిషిని పిలిచి, "నీ దోశెకు తెగులు తగిలిందప్పా, నలభై రెండుండాయి" అనేవాడు. రోజూ ఇదే తంతు అని ఊరంతా చెప్పాను. రోజూ కాదు, ఒక్కసారే. అంకె మాత్రం నిజం.

ఎవరు ఏం చెప్పినా ఆయన అడిగేది ఒకటే. "చూసినావా, విన్నావా?" చూశానంటే వింటాడు. విన్నానంటే టీ తాగుతాడు. ఒకరోజు మా పక్కంగడి పెద్దమనిషి ఏడుస్తూ వచ్చి, ముద్దనూరులో తన వియ్యంకుడు పోయాడని చెప్పాడు. సారు ఆయన్నీ అదే అడిగాడు. ఆ పెద్దమనిషి ఏడుపు ఆపి, కాసేపు ఆలోచించి, "విన్నా సారూ, ఫోన్ చేసినారు" అన్నాడు. "అయితే పోయి చూడు" అన్నాడు సారు. పోయి చూస్తే పోయింది వియ్యంకుడు కాదు, వియ్యంకుడి అన్న. ఈ అన్నను నేను కల్పించాను. పోయింది వియ్యంకుడే.

ఇట్లా ఒక మాట చెప్పి మరుసటి మాటలో దాన్ని వెనక్కి తీసుకోవడం నాకు ఆయన దగ్గర అబ్బిన గుణం. గండికోట లోయలో పులి ఎదురుపడితే కెమెరా వదిలేసి పరుగెత్తిన కథ ఆయనకు పదకొండుసార్లు చెప్పాను. ప్రతిసారీ చివరిదాకా వినేవాడు. విని, రెండు వేళ్ళతో గాలిలోంచి ఏదో పట్టుకుని పక్కన పెట్టినట్టు చేసి, "పులిని తీసేస్తాండా. కుక్క ఉండనీ" అనేవాడు. నేను కుక్క సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఎట్లా కనిపెట్టాడో తెలియదు.

ఇక ఆకుల సంగతి. వేరుశనగకు తిక్కతెగులని ఒకటి వస్తుంది. ఆకుల మీద నల్లమచ్చలు పడి, ఆకు రాలి, చేను పుల్లలవుతుంది. మందు కొనలేని రైతుకు పనికొస్తుందని సారు వావిలాకు కషాయం మీద పరిశోధన మొదలుపెట్టాడు. కొండాపురం దగ్గర ఓబన్న అనే రైతు తన చేలో నాలుగు సాళ్ళు వదిలాడు. రెండు సాళ్ళకు ఉత్తనీళ్ళు, రెండు సాళ్ళకు కషాయం. మచ్చల లెక్కలన్నీ అక్కడే నోటుబుక్కుల్లో రాసి, ఓబన్న ఇంటి అటక మీద పెట్టేవాడు. ఫోటోలకు మాత్రం వారానికి రెండు ఆకులు నా స్టూడియోకు వచ్చేవి. ఒకటి కషాయం కొట్టనిది, ఒకటి కొట్టింది. నాలుగు వారాలు, ఎనిమిది ఆకులు.

ఆదివారం తడిగుడ్డలో చుట్టి, టిఫిను డబ్బాలో పెట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాడు. పెండ్లిచూపుల ఫోటోలకు అమ్మాయిల్ని కూర్చోబెట్టే స్టూలు మీద నల్లగుడ్డ పరిచి ఆకును పడుకోబెట్టేవాళ్ళం. నేను అలవాటుకొద్దీ "కొంచెం తల పైకెత్తమ్మా" అనేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు. ఆకు కదిలిందేమోనని వంగి చూసేవాడు.

అప్పటికి రంగు ఫోటోలు మా ఊరికి సరిగా దిగలేదు. అంతా నలుపూ తెలుపే. రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. ఒక పని అయ్యాక రీలులో నాలుగు మిగిలితే పారేసే స్టూడియో మా ప్రాంతంలో లేదు. పెండ్లి రీలు చివర పాసుపోర్టు ఫోటో, దాని వెనక బారసాల, అట్లా సాగిపోవాల్సిందే. సారు ఆకులు ఒక పులివెందుల పెండ్లి రీలు చివర ఎక్కాయి. తలంబ్రాలు, అప్పగింతలు, ఆకు, ఆకు.

మూడో ఆదివారం రెండు ఆకులూ తీశాను. కషాయం కొట్టింది చివర తీశాను. సారు బస్సుకు పోయాడు. ఆయన అటు పోగానే పెండ్లికూతురి మేనమామ ఇటు వచ్చాడు. మనిషి వాకిలికి సరిపోయేంత ఉన్నాడు. స్టూలు మీది ఆకును చూశాడు, నన్ను చూశాడు.

"ఏమయ్యా, పిల్ల కాపరానికి పోయి నెలయితాంది. ఆల్బం యాడ? నీ ఆకు ముదిరేదాకా మా పిల్ల ఆగాల్నా?"

ఆయన నడుముకు కత్తి ఉందని ఇన్నేళ్ళూ చెప్పుకొచ్చాను. కత్తి లేదు. చేతిలో కూరగాయల సంచి ఉంది. అయినా రీలు ఇప్పుడే కడిగేస్తానని కెమెరా అందుకున్నాను. రీలు వెనక్కి చుట్టకుండానే కెమెరా మూత తెరిచాను. వెలుతురు పడింది. పెండ్లి లోపలి చుట్టలో ఉంది కాబట్టి బతికింది. పైచుట్టలో ఉన్న చివరి ఆకు ఒక్కటి మసైపోయింది.

సారుకు చెప్పాల్సింది. ఆయన ఓబన్న చేనుకు పోయి ఇంకో ఆకు తెచ్చుకునేవాడు. చెప్పలేదు. ఎందుకంటే మా వృత్తిలో ఒక మర్యాద ఉంది. ఆల్బంలో ఖాళీ వదలకూడదు. తాళికట్టే ఫోటో చెడిపోతే, ఇంకో పెండ్లిలోంచి చేతులు తెచ్చి అక్కడ అతికిస్తాం. చేతులకు మొహం ఉండదు. తమవి కాని చేతులతో తాళికట్టిన పెండ్లికొడుకులు మా జిల్లాలో ఎందరున్నారో నాకు తెలుసు. చేతులకే లేని మొహం ఆకుకు ఎక్కడిదనుకున్నాను. మొదటి వారం నాటి కషాయం కొట్టని ఆకును తలకిందులుగా ప్రింటు వేసి, మూడో వారం కషాయం కొట్టిన ఆకు చోట పెట్టాను. మొదటి వారంది కదా, దాని మీద మచ్చలు తక్కువ. ఎనిమిదిలోకీ అదే ముచ్చటగా ఉంది.

సారు ప్రింటును వెలుతురులో పెట్టి చూసి, "ఇది శానా తేరుకుండాదే" అన్నాడు. కషాయం మహిమ సారూ అన్నాను.

వ్యాసం విదేశీ పత్రికలో అచ్చయింది. ఫోటోలు తీసినందుకు నాకు కృతజ్ఞతలు చెప్తూ చివర నా పేరు వేయించాడు. నేను ఆ పేజీకి ఫ్రేము కట్టించి స్టూడియోలో తగిలించుకున్నాను. పాసుపోర్టు ఫోటోకు వచ్చిన ప్రతివాడికీ నేను సైంటిస్టునని చెప్పుకున్నాను.

ముప్పై ఏళ్ళు గడిచాయి. సారు రిటైరయ్యాడు. నా స్టూడియో సెల్‌ఫోన్ల అంగడి అయింది. ఓబన్న ఊరు గండికోట రిజర్వాయరు నీళ్ళలో మునిగింది, వాళ్ళందరికీ కాలనీ కట్టిచ్చారు. పత్రికవాళ్ళు పాత సంచికలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. ఏ దేశంలోనో ఒక మనిషి ఉన్నాడట. పాత వ్యాసాల్లో బొమ్మల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చి చూడటమే అతని పని. అతను మా ఆకుల్ని చూశాడు. పై వరసలో మొదటి ఆకూ కింది వరసలో మూడో ఆకూ ఒకటేనని పత్రికకు రాశాడు. పత్రికవాళ్ళు సారుకు రాశారు. అసలు ఫోటోలూ అసలు లెక్కలూ నెలలోపల చూపించాలి, లేకుంటే వ్యాసం తీసేస్తామన్నారు.

సారు ఆ కాగితం తీసుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"ఏమప్పా, ఇవి రెండూ ఒకటేనా?"

నేను అద్దాలు పెట్టుకున్నాను, తీశాను, తుడిచాను, మళ్ళీ పెట్టుకున్నాను. వేరే వేరే మాదిరే ఉన్నాయన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "లెక్కపెట్టినా. దీనికి పదిహేడు మచ్చలు, దానికీ పదిహేడే. నెగటివులు యాడుండాయి?"

మాది వెండీ బంగారం ఊరు. పాత నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుంది, దాన్ని కరిగించి తీసేవాళ్ళు మూటలకొద్దీ కొంటారు. అన్నీ వాళ్ళకు అమ్మేశానని చెప్పాను. అది చాలావరకు నిజం. ఆ ఒక్క పెండ్లి రీలు అమ్మలేదు. ఎందుకు అమ్మలేదో నాకే తెలియదు. అది మా ఇంట్లో బీపీ మాత్రల డబ్బాలో, సారు కూర్చున్న కుర్చీకి మూడడుగుల దూరంలో ఉంది.

సారు వెండి కరిగించేవాళ్ళ దగ్గరికి పోయాడు. నేనూ వెంట పోయాను, నా అబద్ధం ఎంతదూరం పోతుందో చూడాలి కదా. ఆ ఫిల్ము ఏమైందని అడిగితే, వాళ్ళలో ఒకాయన తీరిగ్గా ఆలోచించి, పిల్లల కాళ్ళకు మువ్వలై ఉంటాయన్నాడు. సారు చాలా మర్యాదగా, మువ్వల్లోంచి మచ్చలు లెక్కపెట్టే ఉపాయం ఏమైనా ఉందా అని అడిగాడు.

మరుసటి రోజు కొండాపురం పోయాం. ఓబన్న కొత్త కాలనీలో పాత తలుపు వేసిన ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. సారు నోటుబుక్కుల సంగతి అడిగాడు.

"తలుపులు తెచ్చుకున్నా సారూ. దూలాలు తెచ్చుకున్నా, గడపమాను తెచ్చుకున్నా. నీ బుక్కులు అటక మీదనే ఉండాయి. అటక నీళ్ళల్లో ఉండాది."

ఒడ్డుకు తీసుకుపోయి చూపించాడు. కనుచూపుమేరా నీళ్ళు. "అదో, ఆ కొంగ ఉండాదే, దాని కింద మా ఇల్లు. రోంత కుడిపక్కకు మీ నాలుగు సాళ్ళు." మేం చూస్తుండగానే కొంగ లేచిపోయింది. మళ్ళీ యాడ వాలుతుందోనని ముగ్గురం చాలాసేపు దాన్నే చూశాం.

సారు పంచె ఎగ్గట్టి రిజర్వాయరులో దూకాడని నేను ప్రొద్దుటూరంతా చెప్పాను. దూకలేదు. చెప్పులు విడిచి, చీలమండల లోతు దిగి, జేబులోంచి స్కేలు తీసి నీటిలో నిలబెట్టాడు. ఆరంగుళాలు వచ్చింది. అక్కడికి స్కేలు అయిపోయింది.

పత్రికకు ఉన్నదున్నట్టు రాశాడు, అసలు లెక్కలు జలాశయంలో ఉన్నాయని. నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయని వాళ్ళు అడిగారు. సారు పోయి నీటిపారుదల ఇంజనీరును అడిగాడు. ఆయన ఈయన్ను ఎగాదిగా చూసి, "ఈ నీళ్ళు నిలబెట్టేదానికి మా తల ప్రాణం తోకకొచ్చింది సారూ. ఆకుమచ్చల కోసం వదిలేయమంటారా?" అన్నాడట. ఇది నేను విన్నది.

నెల నిండకముందే సారు జవాబు రాసి పంపాడు. ఒకే బొమ్మ రెండుసార్లు పడింది, మూలాలు చూపలేను, తప్పు నాది, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాను. నాలుగే ముక్కలు. పంపి ఊరుకోలేదు. కాలేజీ లైబ్రరీకి పోయి, తన వ్యాసం మీద ఎర్రసిరాతో "దీన్ని నమ్మవద్దు" అని రాసి సంతకం పెట్టాడు. ఈ ముప్పై ఏళ్ళలో దాన్ని ఎవరూ తెరవలేదని లైబ్రేరియన్ ధైర్యం చెప్పాడు. బస్టాండు హోటల్లో కూడా పోయిందప్పా, వెనక్కి తీసుకున్నా అని చెప్పుకున్నాడు. దోశెలాయన జాలిపడి, ఆ రోజు మచ్చలు లేకుండా కాల్చాడు.

చివరికి ఓబన్న దగ్గరికి పోయాడు. కాలనీ పక్కన కౌలుకు తీసుకున్న చేలో ఓబన్న ఇంకా ఆ కషాయమే కొడుతున్నాడు. సారు వద్దన్నాడు. రుజువు పోయిందన్నాడు.

"రుజువు నాకెందుకు సారూ? ముప్పైయేండ్లుగా పైరును చూస్తాండా గదా."

సారు వంగి ఒక ఆకును తిరగేసి చూశాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "చూసింది సాల్దు ఓబన్నా. నేనూ చూసినా. రెండు ఆకులు చూసినాననుకున్నా."

తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని, "నేనే యాడో కలిపేసింటానప్పా" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆ రోజు నుంచి ఆయన ఎవరినీ "చూసినావా, విన్నావా" అని అడగలేదు. ఎవరేం చెప్పినా తల ఊపేవాడు. ఆయన్ను పాతదారికి తేవాలని పులి కథ పన్నెండోసారి చెప్పాను. ఈసారి రెండు పులుల్ని పెట్టాను. చివరిదాకా విని, "ఉంటాయిలేప్పా" అన్నాడు. ఒక్కదాన్నీ తీయలేదు. నాకు భయం వేసింది.

మూడో రోజు ఆ రీలు ముక్క కవరులో పెట్టుకుని జమ్మలమడుగు పోయాను. సారు వసారాలో ఉన్నాడు. కవరు ఆయన చేతిలో పెట్టి, జరిగింది మొదటి నుంచి చెప్పాను. ఆయన భూతద్దం తెప్పించుకుని, రీలును ఎండకు పట్టి చూశాడు. తలంబ్రాలు, అప్పగింతలు, ఆకు, ఆకు, చివర నల్లటి గడి. ఆ నల్లగడి మీద వేలు పెట్టి, "ఇదే నా మూడో వారం. నేను కలపలేదు" అన్నాడు. నన్ను చూసి నవ్వాడు. "దొంగముండాకొడకా, ఇది మాత్రం పులే" అన్నాడు. ఇద్దరం టీ తాగాం.

ఇప్పుడు ఈ పై పేరా మొత్తం వెనక్కి తీసుకుంటున్నాను.

జమ్మలమడుగు పోయిన మాట నిజం. కవరు నిజం. సారు వసారాలో ఉన్న మాటా నిజమే. కానీ ఆ కవరు నా జేబులోంచి బయటికి రాలేదు. మాటిమాటికీ జేబు తడుముకుంటుంటే ఆయనే, "ఏంది జేబులో?" అని అడిగాడు. బీపీ మాత్రలన్నాను. "అయితే ఏసుకో, మర్చిపోతావు" అని నీళ్ళు తెప్పించాడు. ఆ నీళ్ళు తాగి తిరిగొచ్చాను. మళ్ళీ పోదాం, మళ్ళీ పోదాం అనుకుంటుండగా రెండేళ్ళకు ఆయన పోయాడు. చెప్పిన రోజంటూ ఒకటి లేదు. ఆ చోట ఇంకో రోజును తెచ్చి అతికించాను, చేతి అలవాటు.

ఆయన దినాల నాడు ఆ కవరు సారు భార్యకు ఇచ్చి, కూర్చోకుండా నిలబడే అంతా చెప్పాను. ఆమె రీలును కిటికీకి ఎదురుగా పట్టుకుంది.

"ఈ పెండ్లికూతురెవురన్నా?"

"పులివెందుల పిల్లమ్మా."

"లక్షణంగా ఉండాది." ఆమె రీలును చివరిదాకా జరుపుకుంటూ పోయి, నల్లగడి దగ్గర ఆగింది. "మజ్జిగన్నంలో ఉప్పేసినానా లేదా అని అడిగేవాడన్నా. తినేసినాక గూడా అడిగేవాడు. రెండేండ్లు." కవరులో రీలు పెట్టి నాకే ఇచ్చేసింది. "పత్రికోళ్ళకు రాయి. పులులు లేకుండా రాయి."

రాశాను. తెలిసిన ఇంగ్లీషు మేష్టరు చేత రాయించి, రీలును ఫోటో తీయించి పంపాను. ఫ్లెక్సీ అంగడికి పోయి, అటుతిప్పిన సారును తీసేసి ఇంకో ఫ్లెక్సీ కట్టించాను. ఆ చివర తెల్లగా ఉండిపోతుందే, వార్డు లీడరు ఫోటో పెడదాం తాతా అన్నాడు అంగడతను. వద్దు, ఖాళీగానే ఉండనీ అన్నాను. వారం తిరక్కముందే ఆ ఖాళీలో ఎవరో మొలల వైద్యం కాగితం అతికించారు. ఇది విన్నది కాదు, చూసింది.

పోయిన వారం పత్రిక నుంచి జవాబు వచ్చింది. రీలు ఫోటో అందిందట, పరిశీలిస్తారట. వ్యాసం తిరిగి రాకపోయినా, పొరపాటు సారుది కాదని ఒక వాక్యం చేరుస్తారట. అయితే వాళ్ళకో సందేహం ఉంది. ఆధారంగా పంపిన రీలులో పూలదండలు వేసుకుని కొందరు వ్యక్తులున్నారు, పరిశోధనలో తమ చిత్రాలు వాడుకోవడానికి వాళ్ళు లిఖితపూర్వకంగా అనుమతి ఇచ్చారా?

ఇంగ్లీషు మేష్టరు ఆ కాగితం నాకు రెండుసార్లు చదివి వినిపించాడు. పెండ్లికూతురు ఎక్కడుందో తెలియదు. తెలిసినవాడు మేనమామ ఒక్కడే. తొంభై దాటినా ఇంకా ఉన్నాడని, మనిషి అట్లాగే వాకిలి నిండా ఉన్నాడని, పులివెందుల నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు.

ఇది విన్నది. రేపు పొద్దున బస్సుకు పోయి చూడాలి.